ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే పేషెంటు విషయంలో తప్పు చేశాను, ఇప్పుడు పక్కకు తప్పుకోవాలా?

నంద్యాల డాక్టరమ్మ అడిగినది:

నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికుంటే చదవండి.

నాది నంద్యాల. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివాను, ఎం.డి. జనరల్ మెడిసిన్. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళు. సర్జాపూర్ రోడ్డులో కసవనహళ్ళి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మూడు వందల నలభై ఫ్లాట్లు. అందులో తెలుగువాళ్ళు ఎంతమందో సంక్రాంతి ముగ్గులప్పుడు తెలుస్తుంది. పొద్దున ఒక ఆసుపత్రిలో డ్యూటీ. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మా గేటుకు ఎదురుగానే నా క్లినిక్. కింద మెడికల్ షాపు, పైన నా గది.

ఇక్కడ నన్ను డాక్టరని కాదు, ‘సి-బ్లాక్ మేడమ్’ అని పిలుస్తారు. లిఫ్టు రెండో ఫ్లోరు నుంచి ఏడుకు పోయేలోపు థైరాయిడ్ రిపోర్టు చూసి చెప్పాను. కూరగాయల బండి దగ్గర ఒకాయన చొక్కా పైకెత్తి వీపు మీద దద్దుర్లు చూపించాడు. స్విమ్మింగ్ పూల్‌కి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, ఆఫీసుకు సిక్ లీవు కాగితాలు, రాత్రి పదకొండున్నరకు పిల్లవాడి విరేచనం ఫొటో. వీటికి అలవాటు పడ్డాను. నేను రాస్తున్నది వీటి గురించి కాదు.

రెండేళ్ళ కిందట ఉగాది రోజు క్లబ్‌హౌస్‌లో పచ్చడి పంచుతుంటే ఒక పెద్దావిడ నా మాట విని “యాడ పాపా మీది?” అంది. చెప్పాను. వాళ్ళది ప్రొద్దుటూరు. “ఇంకేం, ఇంటిపక్కే” అని చెయ్యి పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు. అత్త, మామ అని పిలుస్తాను. మామ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, అరవై ఎనిమిదేళ్ళు. ఒక్కడే కొడుకు, డల్లాస్‌లో ఉంటాడు. మా పిల్లవాడికి ఆవిడే అవ్వ. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మా తలుపుకు డబ్బా సంచి వేలాడుతుంటుంది. ఓళిగలో, అలసంద వడలో, ఏదో ఒకటి.

మామకు బీపీ ఉంది, షుగర్ బార్డర్‌లో ఉంది. చూసేది నేనే. చూడడమంటే వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర, కారం దోశ తింటూ. ఫీజు లేదు, కేస్ షీట్ లేదు. మాత్రల పేర్లు వాట్సాప్‌లో టైప్ చేసి పంపేదాన్ని.

ఎనిమిది నెలల కిందట ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయే ప్యాకేజీ టెస్టు చేయించుకున్నారు. ఎం.సి.వి. 103. ఎస్.జి.ఓ.టి. 92, ఎస్.జి.పి.టి. 41. గామా జి.టి. 210. డాక్టర్లు ఇక్కడే నా సంగతి అర్థం చేసుకుని ఉంటారు. మిగతావాళ్ళకు చెప్తాను: ఎర్ర రక్తకణాలు సైజు పెరిగాయి, మొదటి ఎంజైము రెండోదానికి రెట్టింపు దాటింది, మూడోది బాగా పైకి పోయింది. ఈ మూడూ ఒకే కాగితం మీద కనిపిస్తే మొదట అడగాల్సింది తాగుతారా, ఎంత తాగుతారు అని. ముక్కూమొహం తెలియని మనిషైతే కుర్చీలో కూర్చున్న రెండో నిమిషంలో అడిగేదాన్ని. ఆ రోజు నా ముందు పళ్ళెంలో వడలున్నాయి. అత్త పక్కన నిలబడి ఇంకొకటి వేస్తోంది. మామ అందరిలోనూ నన్ను “మా పాప” అని చెప్పుకునే మనిషి. ఆ మనిషిని, ఆ టేబుల్ దగ్గర, ఆ మాట అడగడానికి నోరు రాలేదు. ఫ్యాటీ లివర్ అని చెప్పి, బి12 మాత్రలు రాసి, ఇంకో వడ తిని వచ్చేశాను.

నిజానికి ఒకసారి అడిగినట్టే అడిగాను. “మందు సరిగ్గా వేసుకుంటున్నారా మామా?” అంటే, “రాత్రిపూటది మాత్రం ఎప్పుడూ మరవను పాపా” అని నవ్వారు. బీపీ మాత్ర గురించి అనుకున్నాను. మన భాషలో రెండింటికీ ఒకటే మాట పెట్టినవాళ్ళను ఏమనాలి!

రెండు నెలల కిందట బాత్‌రూమ్‌లో జారి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో మత్తు డాక్టరు ఫోన్ చేసి అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగితే, “ఏమీ లేవు, నాకు బాగా తెలిసినవాళ్ళు” అన్నాను. ఈ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆపరేషన్ బాగానే అయింది. మూడో రాత్రి చేతులు వణకడం, ఒళ్ళంతా చెమట, దుప్పటి మీద చీమలున్నాయని దులపడం, సెలైన్ సూది పీకేయడం. మొదట పెద్దవయసులో ఆపరేషన్ తర్వాత వచ్చే తికమక అనుకున్నారు. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు ఒకతను అత్తను పక్కకు పిలిచి అడిగాడు. రిటైరైన దగ్గర్నుంచి రోజూ రాత్రి ఒక క్వార్టర్. ఎనిమిదేళ్ళు. డెలీరియం ట్రెమెన్స్, అంటే రోజూ తాగేవాళ్ళకు మద్యం ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే ప్రమాదకరమైన స్థితి. లొరాజిపామ్, థయమిన్ ఇంజెక్షన్లు, నాలుగు రోజులు ఐ.సి.యు. బతికారు. పన్నెండో రోజు ఇంటికొచ్చారు.

ఇప్పుడు కొడుకు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తున్నాడు, వాళ్ళకు పగలు పదకొండు. మొదటి రోజు “మీరు మా ఇంటి మనిషి అనుకున్నాం, మీకూ తెలియదా?” అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. ఇప్పుడు “నాన్న మళ్ళీ మొదలుపెడితే నాకు చెప్పండి, రోజూ ఒకసారి చూసి మెసేజ్ పెట్టండి” అంటున్నాడు. మామ మాత్రం నాతో ఒంటరిగా ఉన్నప్పుడు “వాడికి ఏం చెప్పొద్దు పాపా, నా పరువు” అన్నారు. అత్త ఇంకో అడుగు ముందుకేసింది. గోడల మీద రాసుంటుంది కదా, తెలియకుండా తాగుడు మాన్పించే పొడి అని. అలాంటి మాత్ర ఏదైనా రాసిస్తే కాఫీలో కలిపేస్తానంటోంది.

నేను ఆయనకు డాక్టరుగా ఇంక పనికిరానేమో అనిపిస్తోంది. వేరేవాళ్ళకు అప్పగించి తప్పుకోవాలా? తప్పుకుంటే, రోజూ లిఫ్టులో ఎదురుపడే మనుషులకు ఆ మాట ఎలా చెప్పాలి?


మత్తికెరె పాత డాక్టర్ జవాబు:

అమ్మా, నేను మదనపల్లె వాణ్ణి. 1991లో బెంగళూరు మత్తికెరెలో బోర్డు పెట్టాను. మొదటి నెల ఫీజు పది రూపాయలు, అదీ సగంమంది బాకీ. మా వీధిలో నాకు తెలియని ఇల్లు లేదు. కాబట్టి తెలిసినవాళ్ళకు వైద్యం చేయకూడదని ఎవరైనా నీకు చెబితే నమ్మకు. మన దేశంలో సగం వైద్యం తెలిసినవాళ్ళకే జరుగుతుంది.

నువ్వు చేసిన పొరపాటు వాళ్ళతో దగ్గరవడం కాదు. డైనింగ్ టేబుల్‌ను క్లినిక్ చేయడం. నా దగ్గర ఒక రూలు ఉంది, ముప్పై ఏళ్ళుగా తప్పలేదు. మా బావమరిది అయినా సరే, రోగం మాట ఎత్తగానే “పద, కింద కూర్చుని మాట్లాడదాం” అంటాను. కింద క్లినిక్‌లో చెక్క కుర్చీ, టేబుల్, ఒక నోటు పుస్తకం. పేరు, వయసు, బరువు, సిగరెట్టు, తాగుడు, ఎలర్జీ. ఈ ఆరూ నేను అడగను, పుస్తకం అడుగుతుంది. “ఇది అందరికీ రాస్తాను బావా” అంటే ఎవరికీ తప్పు తోచదు. బావమరిది గుట్కా సంగతి మా ఇంట్లో పాతికేళ్ళు ఎవరికీ తెలియదు. పుస్తకానికి మొదటి రోజే తెలిసింది.

ఫీజు తీసుకో. ఇష్టం లేకపోతే యాభై తీసుకో, కానీ తీసుకో. ఊరికే చూసినప్పుడు నువ్వు అడగలేవు, వాళ్ళు నిలదీయలేరు.

ఇక తప్పుకోవడం గురించి. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి ఒకసారి తీసి చూడు. 2023 ఆగస్టులో కొత్తవి తెచ్చి అదే నెలలో ఆపేశారు కాబట్టి మనకు ఇంకా ఆ పాతవే. అత్యవసరం కాని చోట ఎవరిని చూడాలన్నది డాక్టరు ఇష్టమే. కానీ ఒకసారి చేపట్టిన కేసును, రోగికీ ఇంటివాళ్ళకూ ముందుగా చెప్పకుండా వదిలిపెట్టకూడదు. అంటే నువ్వు ఫోన్ ఎత్తడం మానేసి తప్పించుకోవడం కుదరదు. చెప్పి, ఇంకొకరిని చూపించి, కాగితాలు చేతికిచ్చి తప్పుకోవాలి. నీ దగ్గర కేస్ షీటే లేదు కదా, ఏం ఇస్తావు? ఈ రాత్రే కూర్చుని వాట్సాప్ చూసుకుంటూ రెండేళ్ళదీ రాసిపెట్టు. ఏ రోజు రాస్తున్నావో ఆ తేదీ వెయ్యి, పాత తేదీలు వెయ్యకు.

సిక్ లీవు కాగితాలన్నావు, అదీ చెప్తాను, నువ్వు అడక్కపోయినా. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టుకూ రిజిస్టరు ఉండాలి, పుట్టుమచ్చతో సహా రాసి, ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. నేను ఆ రిజిస్టరు బల్ల మీద తెరిచి “గుర్తుకు పుట్టుమచ్చ ఎక్కడుందో చూపించండి” అని అడగడం మొదలుపెట్టాక ఉత్తుత్తి జ్వరాలు సగం తగ్గిపోయాయి.

చరకుడి కాలంలోనే శిష్యుడితో ప్రమాణం చేయించేవారు, రోగి ఇంట్లో చూసింది బయట చెప్పకూడదని. కొడుకైనా బయటివాడే అవుతాడు, తండ్రి వద్దంటే.


సైకియాట్రీ మనిషి జవాబు:

నేను బెంగళూరులోనే సైకియాట్రీ చేస్తున్నాను, సొంతూరు తిరుపతి. ముందు అర్జంటు సంగతి.

కాఫీలో మాత్ర అస్సలు వద్దు. అత్తగారు ఇప్పటికే ఎక్కడైనా తెచ్చి కలుపుతున్నారేమో కూడా కనుక్కోండి, మెల్లగా. ఆ పొడుల్లో చాలాసార్లు ఉండేది డైసల్ఫిరామ్ అని మా ఓ.పి.లో అనుమానపడుతుంటాం. అది కాలేయంలో ఒక ఎంజైమును ఆపేస్తుంది. ఆ తర్వాత మద్యం తాగితే ఒంట్లో ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి మొహం ఎర్రబడడం, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. చివరి మాత్ర వేసుకున్నాక కూడా రెండు వారాల వరకు ఆ ప్రభావం ఉండొచ్చు. అందుకే అది మనిషికి తెలిసి, ఒప్పుకుని, సంతకం పెట్టాకే మొదలుపెట్టాలి. తెలియకుండా పెడితే తాగుబోతుకు తెలియదు తను బాంబు మింగాడని. అరవై ఎనిమిదేళ్ళు, బీపీ, ఆ లివర్ అంకెలు: తెలిసి అడిగినా నేను ఈయనకు వెంటనే రాయను.

(తాగుబోతు అన్న మాట వాడాను, క్షమించండి. క్లినిక్‌లో వాడను.)

రెండోది, కొడుకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. అందులో 23వ సెక్షన్ గోప్యత గురించే. మామగారు స్పృహలో ఉన్నారు, వద్దని స్పష్టంగా చెప్పారు. అంతే, అక్కడితో అయిపోయింది. ప్రాణాపాయం వస్తే లెక్క వేరు. కొడుకుతో “మీ నాన్నగారు ఒప్పుకుంటే ముగ్గురం కలిసి వీడియోలో మాట్లాడదాం, ఆయన లేకుండా ఆయన గురించి నేను మాట్లాడను” అనండి. అతను చెడ్డవాడేం కాదు, పాపం. దాదాపు పదిహేను వేల కిలోమీటర్ల దూరంలో భయపడుతున్నాడు. ఆ భయాన్ని వినండి. రిపోర్టు మాత్రం ఇవ్వకండి.

మూడోది మీ అసలు ప్రశ్న. 1993లో గుథైల్, గబ్బార్డ్ అని ఇద్దరు అమెరికన్ సైకియాట్రిస్టులు ఒక వ్యాసం రాశారు. అప్పట్నుంచి మేం డాక్టరుకూ రోగికీ మధ్య గీత దాటడాన్ని రెండు రకాలుగా చూస్తాం. హద్దు దాటినా రోగికి నష్టం లేనిది, ఒక్కోసారి మేలు చేసేది ఒకటి. రోగిని వాడుకునేది, దెబ్బతీసేది ఇంకొకటి. వాళ్ళింట్లో వడ తినడం మొదటి రకం. పేషెంటు పెళ్ళిపత్రిక ఇస్తే వెళ్ళి అక్షింతలు వేసి రావడమూ అంతే. మామగారి మీద మీరేం అఘాయిత్యం చేయలేదు. అలాంటివి, అంటే డాక్టరు పేషెంటుతో శారీరక సంబంధం పెట్టుకోవడం లాంటివి, మన వృత్తిలో ఎంత మూతపెట్టి ఉంచారో ఇదే ఊళ్ళో కొందరు సైకియాట్రిస్టులు బెంగళూరు డిక్లరేషన్ గ్రూప్ అని ఏర్పడి చెప్పాల్సి వచ్చింది. మీది ఆ జాతి కాదు. కానీ మొదటి రకం కూడా ఎక్కడ పుండవుతుందో మీ కథలోనే ఉంది. వడ మీ ప్రశ్నను మార్చేసింది. ఆ క్షణం దాకా అది ఆతిథ్యం.

పైన పెద్దాయన చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోను. ఫీజు తీసుకుంటే అన్నీ సర్దుకోవు. మూడు వేలు ఫీజు ఇచ్చే పేషెంటును కూడా నొప్పించడానికి భయపడే డాక్టర్లను చూశాను, భయపడేది ఆ మూడు వేలకే. నేను వాడే పరీక్ష వేరు. ఇప్పుడు చేస్తున్న పనిని ఉన్నదున్నట్టు కేస్ షీట్‌లో రాయగలనా? “రోగి ఇంట్లో భోజనం చేస్తూ రిపోర్టు చూశాను, మద్యం గురించి అడగలేదు, మొహమాటం” అని రాయాల్సి వస్తే చెయ్యి ఆగుతుంది కదా.

తాగుడు విషయం మీరు చూడొద్దు. బీపీ చూడండి, వాళ్ళకు అభ్యంతరం లేకపోతే. నిమ్హాన్స్‌లో దీనికి వేరే విభాగమే ఉంది. తెలుగులో మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయొచ్చు, టెలి మానస్ అని గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఊరికే. అత్తగారికి కూడా ఎవరో ఒకరు కావాలి. ఎనిమిదేళ్ళు ఆ సీసాలు ఎవరు పారేశారో ఆలోచించారా?

మా అమ్మ తన మోకాలి నొప్పి నాకు చెప్పదు. పక్కవీధి ఆర్.ఎం.పి.కి చెబుతుంది. ఎందుకమ్మా అంటే “నువ్వు బాధపడతావు” అంటుంది.


బెళ్ళందూరు సాఫ్ట్‌వేర్ జవాబు:

డాక్టర్ల మధ్య నేనొక్కణ్ణే పేషెంటులా ఉన్నాను. చెప్పొచ్చా?

నిరుడు నాకు విరేచనంలో రక్తం పడింది. మా బ్లాకులోనే ఒక సర్జన్ ఉన్నాడు, గుంటూరాయన, రోజూ పొద్దున కలిసి షటిల్ ఆడతాం. మంచి మనిషి. అడిగితే రెండు నిమిషాల్లో చూసేవాడు. ఆరు వారాలు అడగలేదు. చివరికి ఇరవై కిలోమీటర్లు పోయి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని, నా పేరు కూడా సరిగ్గా పలకలేని డాక్టరుకు చూపించుకున్నాను. ఫిషర్, అంటే మలద్వారం దగ్గర చిన్న చీలిక. పీచు తిండి, వేడినీళ్ళ టబ్బు, ఒక ఆయింట్‌మెంట్. అయిపోయింది. వేరే ఏదైనా అయి ఉంటే ఆ ఆరు వారాలు ఎవరిస్తారు?

తెలియని డాక్టరు ముందు సిగ్గు పావుగంటే. తెలిసినాయన ముందు ఇల్లు ఖాళీ చేసేదాకా. మీ మామగారి సంగతి నాకు అలాగే అనిపించింది. మీరు అడగలేదని మీరు బాధపడుతున్నారు. అడిగినా ఆయన చెప్పేవాడా? “మా పాప” అని పదిమందికి చెప్పుకున్నవాడు ఆ పాపతో క్వార్టర్ లెక్క చెప్తాడా?

ఇంకో మాట, కొంచెం మీకు ఎదురుగా. హద్దులు పెట్టండి, తప్పులేదు, కానీ ఫోన్ స్విచాఫ్ చేసి గ్రూపులోంచి వెళ్ళిపోకండి. మా నాన్నకు రాత్రి రెండింటికి ఛాతీలో నొప్పి వస్తే మా బ్లాకు సర్జనే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. గేటు దగ్గరకు అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. లిఫ్టులో రిపోర్టు చూపించొద్దని చెప్పండి, మానేస్తాం. దేనికి అర్ధరాత్రి లేపొచ్చో, దేనికి లేపకూడదో ఒక్కసారి చెప్పండి చాలు. మాకు నిజంగా తెలియదు.


మత్తికెరె పాత డాక్టర్ మళ్ళీ:

ఫీజు గురించి సైకియాట్రీ కుర్రడాక్టరు అన్నది నిజమే కావచ్చు, నేను చూసిన పేషెంట్లలో మూడు వేలు ఇచ్చినవాడు లేడు.

వాట్సాప్ మాట మరిచాను. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మెసేజ్‌లో చూసే వైద్యాన్ని ఒప్పుకున్నాయి. కానీ రాసింది దగ్గర ఉంచుకోవాలి, ప్రిస్క్రిప్షన్ సంతకంతో ఉండాలి, ఇది ఫోన్‌లో తేలేది కాదనుకుంటే రమ్మని చెప్పే హక్కు డాక్టరుది. నిద్రమాత్రలు అడిగేవాళ్ళు మీ అపార్ట్‌మెంట్‌లో తప్పకుండా ఉంటారు. ఆల్ప్రజోలం లాంటివి ఫోన్ మీద రాయడానికి లేదు. “నేను రాయను” అని కాదు, “రాయకూడదన్నారు” అని చెప్పు. నేరం గవర్నమెంటు మీదికి పోతుంది, స్నేహం నిలుస్తుంది.


నంద్యాల డాక్టరమ్మ, మూడు వారాల తర్వాత:

అందరికీ చాలా థాంక్స్. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు కదా.

కొడుకుతో మాట్లాడాను. సైకియాట్రీ ఆయన రాసిచ్చిన వాక్యమే, కాగితం మీద రాసుకుని చదివినట్టు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “సరే మేడమ్” అని పెట్టేశాడు. అంతకుముందు అక్కా అనేవాడు.

అత్తకు చెప్పడం ఇంకా కష్టమైంది. నేను మాత్ర రాయను, రాస్తే ప్రాణం పోవచ్చు, మామ తాగుడు సంగతి నేను చూడకూడదు, ఇంకొకరి దగ్గరికి పోవాలి అన్నాను. “కన్నకూతురైతే ఇట్లనేదా?” అంది. ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. కన్నకూతురైనా ఇట్లే అనాలి అత్తా అని తర్వాత మెట్లు దిగుతుంటే తోచింది. తొమ్మిది రోజులు మా తలుపుకు సంచి లేదు. మా పిల్లవాడు “అవ్వకు జ్వరమా?” అని అడిగాడు.

పదో రోజు సాయంత్రం క్లినిక్‌లో ఏడో టోకెను పిలిస్తే మామ వచ్చారు. వాకర్ పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ మెట్లన్నీ ఎక్కి. కింద మెడికల్ షాపులో నాలుగు వందలు కట్టి టోకెను తీసుకున్నారట. నేను లేవబోతే “కూర్చో డాక్టరమ్మా” అన్నారు. నోటు పుస్తకం కొత్తది కొన్నాను, మత్తికెరె సార్ చెప్పిన ఆరూ వరసగా రాసి పెట్టుకున్నాను. పేరు, వయసు, బరువు. సిగరెట్టు లేదు. తర్వాతది అడిగేటప్పుడు నా గొంతు కొంచెం మారింది, ఆయన గమనించారు. మొత్తం చెప్పారు. ఎప్పుడు మొదలైంది, ఎంత, ఎక్కడ దాచేవారు. అత్తకు తెలియని సీసా కూడా ఒకటి ఉండేదట, కారు డిక్కీలో. ఆసుపత్రి నుంచి వచ్చాక ముట్టలేదన్నారు. నమ్మానా అంటే, రాసుకున్నాను.

నాకెందుకు చెప్పలేదు మామా అని అడిగేశాను, అడగకూడదేమో. “ఆ ఆసుపత్రి పిల్లగాడు ఎవరో నాకు తెలీదు పాపా. తెల్లారితే మొహం చూడనక్కర్లేదు. అందుకే వాడు మళ్ళీ అడిగితే ఉన్నదంతా చెప్పినా” అన్నారు. సాఫ్ట్‌వేర్ తమ్ముడూ, నువ్వు చెప్పిందే.

రిఫరల్ ఉత్తరం రాసిచ్చాను. పోయిన గురువారం వెళ్ళొచ్చారు. లోపల ఏం జరిగిందో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. బీపీ మాత్రం నేనే చూస్తున్నాను, కుర్చీలో. కొడుక్కు తనే చెప్పుకుంటానన్నారు, ఎప్పుడో మాత్రం అనలేదు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒక మెసేజ్ పెట్టాను. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, ఆగని రక్తం: ఏ టైమైనా ముందు 108, తర్వాత నాకు ఫోన్. మిగతా అన్నిటికీ సాయంత్రం ఆరు తర్వాత క్లినిక్. నలభై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ కిందనే ఒకావిడ తన కాలి వేలి గోరు ఫొటో పెట్టి, ఇది ఏ కోవలోకి వస్తుందని అడిగింది.

నిన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపుకు సంచి ఉంది. ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, మా పిల్లవాడికి విడిగా కారం లేనిది. తిన్నాం. డబ్బా కడిగి పెట్టాను. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా, ఇన్నాళ్ళూ ఏ పళ్ళో పెట్టి ఇచ్చేదాన్ని. ఈసారి చేసి ఇవ్వాలనుంది. నాకు బాగా వచ్చింది సేమ్యా పాయసం ఒక్కటే, మామకేమో షుగర్ బార్డర్.